తొంభై ఏళ్ళు బతికిన ఇంటి పెద్దావిడ జ్ఞాపకాల పుస్తకం: తేదీల నుంచి అచ్చు దాకా

పాతపెట్టె:

పెద్దావిడ పోయిన పదిరోజుల్లో "సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వేద్దాం" అన్న మాట చాలా ఇళ్ళలో వస్తుంది. పదకొండో నెలలో చూసుకుంటే ఇరవై ఫోటోలు, "అన్నపూర్ణ, చల్లని తల్లి, అందరినీ కలుపుకుపోయేది" అని నాలుగు పేజీలు మిగులుతాయి. ఆ నాలుగు పేజీలు పేరు మారిస్తే ఏ ఇంటావిడకైనా సరిపోతాయి. ఆవిడకి మాత్రమే సరిపోయే పుస్తకం ఎలా కూర్చాలో తెలిసినవాళ్ళు ఇక్కడ తలా ఒక ముక్క రాయండి.

పనంతటికీ ఒకటే సూత్రం పెట్టుకుంటే చాలా తప్పులు తప్పుతాయి. ఆవిడ ఏ లెక్కలో చెప్పిందో ఆ లెక్కని ముందు అలాగే రాయాలి. మన లెక్క దాని పక్కన వెయ్యాలి, దాని బదులు కాదు. ఆవిడ "శ్రీముఖలో పుట్టాను" అంటే పుస్తకంలో శ్రీముఖ ఉండాలి, పక్కన 1933-34 ఉండాలి.

మొదట సంవత్సరాల సంగతి. ఇప్పుడు జీవితాలు రాసుకుంటున్న పెద్దవాళ్ళలో చాలామంది 1927లో మొదలైన అరవై ఏళ్ళ ఆవృత్తిలో పుట్టినవాళ్ళు. ప్రభవ 1927-28, ఆంగీరస 1932-33, శ్రీముఖ 1933-34, యువ 1935-36, ఈశ్వర 1937-38, విక్రమ 1940-41, చిత్రభాను 1942-43. పేర్ల వరుస తెలిస్తే 1927 నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు.

తప్పు జరిగేది చివరి నెలల్లో. మన ఏడాది ఉగాదికి మారుతుంది, ఇంగ్లీషు ఏడాది జనవరికి. "శ్రీముఖ, మాఘ బహుళ పంచమి" అని ఉంటే చాలామంది 1933 వేసేస్తారు. శ్రీముఖ మాఘం వచ్చింది 1934లో. ఆ తిథి 1934 ఫిబ్రవరి మొదటి వారంలో పడుతుంది. మాఘం, ఫాల్గుణం ఎప్పుడూ రెండో అంకెలోకి వెళ్తాయి. పుష్యం డిసెంబరు, జనవరి మధ్య ఊగుతుంది కాబట్టి ఆ నెలకి మాత్రం పాత పంచాంగం చూడాల్సిందే.

రెండో తప్పు వారం. మన వారం సూర్యోదయానికి మారుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికి. తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డని ఇంట్లో "సోమవారం పుట్టింది" అంటారు, క్యాలెండరులో అది మంగళవారం. రెండూ నిజమే. వారం కలవలేదని తిథిని దిద్దకండి.

నక్షత్రం కూడా తెలిస్తే మంచి తనిఖీ దొరుకుతుంది. పౌర్ణమి నాడు చంద్రుడు ఆ నెల పేరున్న నక్షత్రానికి దగ్గరలో ఉంటాడు, అక్కణ్ణుంచి రోజుకి ఇంచుమించు ఒక నక్షత్రం. మాఘ బహుళ పంచమికి ఉత్తర, హస్త, చిత్త ప్రాంతంలో ఉండాలి. "మాఘ బహుళ పంచమి, రోహిణి" అని ఎవరైనా చెప్తే రెంటిలో ఒకటి తప్పు.

గోదారిగట్టు:

సంవత్సరం పేరు గుర్తులేని పెద్దవాళ్ళు సంఘటనలు చెప్తారు. "పెద్ద వరదకి నాకు పెళ్ళీడు", "ఉప్పెనొచ్చిన ఏడు మనవడు పుట్టాడు" ఇలా. వీటిని కొట్టిపారెయ్యకూడదు, గట్టి ఆనవాళ్ళు ఇవే. పక్కన పెట్టుకోవడానికి కొన్ని: గోదావరి పెద్ద వరదలు 1953 ఆగస్టు, మళ్ళీ 1986 ఆగస్టు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, శనివారం. కోనసీమ తుఫాను 1996 నవంబరు 6. పొట్టి శ్రీరాములు గారు పోయింది 1952 డిసెంబరు 15, ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1. సాగర్ కాలవలకి నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు. గాంధీ గారు ఖద్దరు నిధికి ఆంధ్ర అంతా తిరిగింది 1929లో, హరిజన యాత్రకి వచ్చింది 1933 డిసెంబరులో. "మా అమ్మ గాజులు తీసి ఇచ్చింది" అని ఎవరన్నా చెప్తే ఈ రెంటిలో ఏదో అడగాలి. అప్పటికి ఈవిడ చంకలో బిడ్డా, పుట్టనే లేదా అన్నది తేల్తుంది.

పుష్కరాలతో జాగ్రత్త. గోదావరికి 1979, 1991, 2003, 2015, కృష్ణకి 1980, 1992, 2004, 2016. అక్కణ్ణుంచి పన్నెండేసి తీసేసుకుంటూ వెనక్కి పోతే చివర్లో ఏడాది తేడా వచ్చేస్తుంది. బృహస్పతి చుట్టు తిరగడానికి పట్టేది పన్నెండేళ్ళకి కొంచెం తక్కువ, అది పోగవుతుంది.

సీమరాయి:

మా పక్క ఇంకో చిక్కుంది. "ధాత కరువు" అని చెప్తే పిల్లలు పట్టిక చూసి ధాత అంటే 1936 అని వేస్తారు. ఆ కరువు 1876-78 నాటిది, అంతకుముందు చుట్టులో వచ్చిన ధాత. అప్పటికి ఈవిడ పుట్టలే, చెప్పింది వాళ్ళ అవ్వ. అంటే మీ చేతిలో ఉండేది ఇద్దరు అవ్వల మీదుగా వచ్చిన మాట. దాన్ని ఆవిడ జీవితంలో కలపకుండా "వాళ్ళ అవ్వ చెప్పగా విన్నది" అని వేరేగా పెట్టాల. సంవత్సరం పేరు ఒక్కటే దొరికితే ఏ చుట్టో ముందు తేల్చుకోండి.

ఓరుగల్లు వాసి:

తెలంగాణ దిక్కు కాగితాల్ల ఏడాది ఇంకో తీరుంటది, ఫసలీ. లెక్క అల్కగనే ఉంటది: ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం. కాని నిజాం రాజ్యంల ఫసలీ అక్టోబరు మొదట్ల మొదలయ్యేది, మద్రాసు దిక్కు జూలై 1న. ఫసలీ 1356 అంటే ఇక్కడ 1946 అక్టోబరు నుంచి. భూమి కాగితంల ఆమె పేరు 1357ల ఎక్కిందంటే అది 1947-48, ఆఖరు రోజులు తప్పిస్తె పోలీసు చర్యకు (1948 సెప్టెంబరు) ముందు సంగతి. తర్వాతి పహాణీలల్ల (ఊరి భూమి లెక్కల కాగితాలు) కూడ ఫసలీ ఉంటది, గది జూలై లెక్క. 1430 అంటే 2020-21.

పైసలు కూడ వేరే. హాలీ సిక్క (నిజాం రాజ్యం) రూపాయలు ఏడిస్తే ఇంగ్లీషు రూపాయలు ఆరు. ఆమె "లగ్గానికి మా బాపు మూడు వందలు పెట్టిండు" అంటే ఏ రూపాయని అడగాలె. అడగనీకి ఎవ్వరు లేకుంటే ఒట్టిగ "మూడు వందలు" అని రాసి ఊకోవాలె, ఊహించి మార్చొద్దు.

పాత కాగితాలు ఉర్దూల ఉంటయి. చదవొచ్చిన దస్తావేజు లేఖరి దగ్గర కూసొని, ఆయన చదువుతుంటె రికార్డు చెయ్యిండ్రి. రాసిచ్చిన సారాంశం తీసుకుంటె ఆడోళ్ళ పేర్లు ఎగిరిపోతయి. ఆయనకు కావల్సింది సర్వే నంబరు, మనకు కావల్సింది "ఫలానాయన బిడ్డ, ఫలానాయన భార్య" అన్న ముక్క.

కొత్తగా_చేరాను:

ఆధార్‌లో 01-01-1935 అని ఉంటే పుస్తకంలో అదే వెయ్యవచ్చాండీ? సంవత్సరమైనా నమ్మొచ్చా?

పాతపెట్టె:

తేదీ నమ్మకండి. జనవరి 1, జూలై 1 కనబడితే దాదాపు ఎప్పుడూ నమోదు చేసినవాళ్ళు వేసిన తేదీలే. సంవత్సరం కూడా "ఎన్నేళ్ళుంటాయమ్మా?" అని అడిగి వెనక్కి లెక్కేసింది. ఆధార్‌కన్నా పాత ఓటర్ల జాబితా మేలు కాదు, అందులోనూ అందాజు వయసే. ఎక్కువ బరువిచ్చేది వీటికి, ఈ వరుసలో: జాతకం లేదా పుట్టినప్పుడు పంచాంగం అంచున రాసుకున్న గుర్తు, బడి అడ్మిషను రిజిస్టరు, పెళ్ళి శుభలేఖ, తోబుట్టువుల మధ్య ఎడం. చివరిది చిన్నచూపు చూడకండి. "తమ్ముడికీ నాకూ రెండేళ్ళు ఎడం, మధ్యలో ఒకడు పోయాడు" అన్న మాటతో తమ్ముడి సర్వీసు రిజిస్టరు పట్టుకుని అక్క వయసు తేల్చవచ్చు.

తేలకపోతే "శ్రీముఖ లేక భావ" అని రెండూ రాయండి. తప్పు తేదీ ఒకసారి అచ్చయ్యాక మనవలందరూ అదే చెప్తారు.

చదివింపులు:

ఎవరూ పట్టించుకోని కాగితం ఒకటి ఉంది: పెళ్ళి చదివింపుల పుస్తకం. 1940లు, 50ల్లో పెళ్ళయిన ఆవిడ జీవితానికి దీన్ని మించిన ఆధారం అరుదు. అటక మీద పాత పంచాంగాల కట్టలో ఉంటుంది. పొడుగ్గా, సన్నగా, నిలువుగా మడిచి కుట్టిన పుస్తకం. మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు, పైన "శ్రీరస్తు, శుభమస్తు". కింద తేదీ తెలుగులో, ముహూర్తం ఘడియల్లో.

ఒక పద్దు ఇలా ఉంటుంది: "37. రేపల్లె మేనత్తగారు, చీర 1, రవికెలగుడ్డ 1, రూ. 5౹". ఇక్కడే అందరూ పడేది. ఆ నిలువు గీతని ఒకటి అంకె అనుకుని యాభైఒక్క రూపాయలని దింపేస్తారు. అది పావు గుర్తు. నిలువు గీత ఒకటైతే పావు, రెండైతే అర, మూడైతే ముప్పావు. అడ్డగీత ఒక్కోటీ వీసం, అంటే పదహారో వంతు, రూపాయి లెక్కలో అణా. కాబట్టి ఆ పద్దు అయిదు రూపాయల నాలుగణాలు. కొందరు గుమస్తాలు 5-4-0 అని కూడా రాస్తారు, అది రూపాయలు, అణాలు, పైలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. బేడంటే రెండణాలు, పావలా అంటే నాలుగు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, అంతకుముందు పద్దుల్లో వందతో లెక్కెయ్యకండి.

ఈ పుస్తకం డబ్బు కోసం చదవొద్దు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఆవిణ్ణి ఎవరికి ఏమవుతుందని రాశారో చూడండి. పుట్టింటి ఇంటిపేరు, మేనమామల ఊళ్ళు, పోయిన పిన్నమ్మల పేర్లు, ఆనాటి పనివాళ్ళ పేర్లు, అన్నీ అందులో దొరుకుతాయి. పెళ్ళిలో ఆవిడ పేరు మార్చి ఉంటే పాత పేరు కనబడే చోటు కూడా తరచు ఇదొక్కటే. ప్రతి పద్దునీ ఒక వరుసగా ఎక్సెల్‌లో ఎక్కించండి: నంబరు, రాసినది ఉన్నదున్నట్టు, మన పాఠం, ఊరు, వరస. "రాసినది", "మన పాఠం" రెండు గడులూ విడిగా ఉండాలి.

వంటిల్లు:

వంటలు లేకుండా ఈ పుస్తకం ఉండదు, ఎక్కువ అబద్ధాలు చేరేదీ అక్కడే. ఆవిడ "మానికెడు ఆవపిండి" అంటే కూతురు "ఒక కిలో" అని రాస్తుంది. మానిక కొలపాత్ర, తూకం కాదు. కోస్తాలో మామూలు వరస ఇది: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కాని ఊరూరికీ, ఇంటింటికీ పాత్ర సైజు తేడా. అందుకని పట్టికలు నమ్మకుండా ఆవిడ వాడిన మానికనే బయటికి తియ్యండి.

దాన్ని నీళ్ళతో అంచుదాకా నింపి ఆ నీళ్ళు తూచండి. వచ్చిన గ్రాములే మిల్లీలీటర్లు. తర్వాత అదే పాత్రతో బియ్యం, కారం, ఆవపిండి, ఉప్పు విడివిడిగా నింపి తూచి, నాలుగూ రాసుకోండి. తలగొట్టి కొలిచేదా, గోపురంగా పోసేదా అన్నది కోడళ్ళని అడగండి. గోపురం పోస్తే గణనీయంగా పెరుగుతుంది.

ఆవకాయ చెడేది ఉప్పు దగ్గర. ఆవిడ కొలిచింది దంచిన కల్లుప్పు, పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది. ఇప్పటి మెత్తటి ప్యాకెట్ ఉప్పుని అదే పాత్రతో కొలిస్తే బరువు ఎక్కువ పడుతుంది, ఊరగాయ ఉప్పు కషాయం అవుతుంది. "అమ్మమ్మ కొలత తప్పు" అని దాన్ని తగ్గించి అచ్చు వేస్తారు. తప్పు ఆవిడది కాదు. కల్లుప్పు దంచి, అదే పాత్రతో కొలిచి, ఆ బరువు రాయండి. అప్పుడు ఏ ఉప్పుతోనైనా అదే తూకం వెయ్యొచ్చు.

తూకాల్లో: తులం 11.66 గ్రాములు, పలం మూడు తులాలు, వీశ 120 తులాలు అంటే 1.4 కిలోలు, ఎనిమిది వీశలు మణుగు. సేరు మాత్రం మోసం చేస్తుంది. మద్రాసు సేరు 24 తులాలు, సుమారు 280 గ్రాములు. పక్కా సేరు 80 తులాలు, 933 గ్రాములు. ఎక్కడి సేరో రాయకపోతే ఆ వంట ఎవరూ చెయ్యలేరు.

డాలస్_తెలుగు:

అమెరికాలో పుట్టిన పిల్లలకి సోల, తవ్వ ఎందుకండీ? గ్రాములు ఒక్కటే వేస్తే వాళ్ళు నిజంగా వండుకుంటారు. రెండు లెక్కలూ పక్కపక్కన ఉంటే పేజీ చదవలేకుండా ఉంటుంది.

వంటిల్లు:

వండుకోడానికి గ్రాములు కావాలి, ఒప్పుకుంటాను. అందుకే వంట పద్ధతంతా గ్రాముల్లో రాసి, పైన ఒక్క వాక్యం ఆవిడ మాటల్లో పెట్టండి: "నాలుగు మానికల ముక్కలకి మానిక కారం, మానిక ఆవపిండి, మానికకి గిద్ద తక్కువ ఉప్పు." పేజీ బరువెక్కదు. రేపు ఎవరైనా గ్రాముల్లో తప్పు పట్టుకుంటే సరిచూసుకోడానికి ఆ వాక్యం ఉంటుంది. గ్రాములొక్కటే ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. పాత్ర ఫోటో కూడా వెయ్యండి, పక్కన స్కేలు పెట్టి.

స్టూడియో వెలుగు:

ఫోటోల గురించి. ముందు చెయ్యకూడనివి. అద్దానికి అంటుకుపోయిన ఫోటోని పీకొద్దు. తేమకి ఫోటో మీది పొర జిగురులా కరిగి గాజుకి పట్టుకుంటుంది, లాగితే మొహం గాజు మీదే ఉండిపోతుంది. గాజుతో సహా స్కాన్ చెయ్యండి. లామినేషన్ వద్దు, ఆ వేడి, ఆ జిగురు మళ్ళీ వదలవు. బూజుని తడి గుడ్డతో తుడవొద్దు. బాగా ఎండిన గదిలో రెండ్రోజులు ఉంచి మెత్తటి బ్రష్‌తో ఒకవైపుకే దులపండి. జిగురు పేజీల ఆల్బములో అతుక్కున్న ఫోటో కింద పళ్ళ సందుల్లో వాడే సన్నటి దారం రంపంలా మెల్లగా నడిపితే వస్తుంది. రాకపోతే పేజీతో సహా స్కాన్.

స్కాన్ 600 డీపీఐ, టిఫ్ ఫైలు. పాస్‌పోర్టు సైజు, గ్రూపు ఫోటోలో చిన్న మొహం కావాలంటే 1200. నలుపు తెలుపు ఫోటోనైనా రంగుల్లోనే స్కాన్ చెయ్యండి, మరకలు సరిచేసేటప్పుడు మరక రంగే దారి చూపిస్తుంది. వెనకవైపు తప్పకుండా స్కాన్ చెయ్యాలి. స్టూడియో ముద్ర, ఊరు, ఎవరో పెన్సిలుతో రాసిన రెండు ముక్కలు, ఒక్కోసారి ఫోటోకన్నా అవే విలువైనవి. మీరు రాయాలంటే మెత్తటి పెన్సిలు, బాల్‌పెన్ను నొక్కు ముందువైపు తేలుతుంది.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది. అచ్చుకి అది పనికిరాదు, డాక్యుమెంటుగా పంపమని బంధువులకి చెప్పండి. కృత్రిమ మేధతో "బాగుచేసే" యాప్‌లు మొహాన్ని కొత్తగా గీస్తున్నాయి. ముక్కుపుడక మాయమవుతుంది, పచ్చబొట్టు మాయమవుతుంది, లేని పళ్ళు వస్తాయి. అచ్చులో అసలు ఫోటోనే వెయ్యండి.

రీలు-క్యాసెట్టు:

గొంతు. పాత క్యాసెట్లలో పెళ్ళి హడావిడి మధ్య ఆవిడ పాడిన మంగళహారతి ఉంటుంది, లేదా దూరదేశం పంపిన మాటల టేపు. క్యాసెట్టు దొరకగానే ప్లేయర్‌లో పెట్టి ప్లే నొక్కకండి. ముందు కిటికీలోంచి లోపల చూడండి. టేపుకి తెల్ల బూజు ఉంటే ఆ యంత్రం తలకి కూడా అంటుకుంటుంది, దాన్ని తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. మధ్యలో టేపుని నొక్కే చిన్న స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే శబ్దం మూగగా వస్తుంది. అప్పుడు స్క్రూలున్న ఖాళీ క్యాసెట్టు కొని రెండు చక్రాలూ అందులోకి మార్చాలి. అసలు డబ్బా పారెయ్యొద్దు, లేబుల్ దానిమీదే ఉంటుంది. తెగిన టేపుకి మామూలు సెలోటేపు వద్దు, జిగురు పక్క పొరకి పాకుతుంది, టేపు అతికే ప్రత్యేక పట్టీ దొరుకుతుంది. మొత్తం ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పి, అప్పుడు లైన్ అవుట్ నుంచి కంప్యూటరుకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. స్టీరియో అయితే గంటకి సుమారు ఒక జీబీ.

పెద్దావిడ తోబుట్టువులు, తోడికోడళ్ళు, పక్కింటివాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళని ఇప్పుడే రికార్డు చెయ్యండి, మిగతా పనులు తర్వాత. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో, మడిచిన తువ్వాలు మీద, నోటికి మూరెడు దూరంలో. ఫ్యాను ఆపాలి, ఆపలేకపోతే పొద్దున్నే కూర్చోవాలి. ముప్పావుగంట మించొద్దు. "ఆవిడ గురించి చెప్పండి" అని అడిగితే "దేవత" అంటారు, అక్కడితో అయిపోతుంది. "పొయ్యి ఏ మూల ఉండేది? నీళ్ళు ఎక్కణ్ణుంచి? మొదటి కాన్పు ఎవరు చేశారు? ఎడ్లబండి దిగాక గుమ్మంలో ఎవరున్నారు?" ఇలా వస్తువుల్నీ చోట్లనీ అడగండి. పాత ఫోటో చేతికివ్వండి, మాట దానంతటదే వస్తుంది.

రాతలోకి దింపేటప్పుడు యాస దిద్దొద్దు. "వచ్చినాది", "ఒచ్చింది", "అచ్చింది" మూడూ మూడు ఊళ్ళు. ఆవిడ ఏది అంటే అది.

డాలస్_తెలుగు:

వంశవృక్షం గురించి ఒక మాట. అమెరికన్ వెబ్‌సైట్లలో చెట్టు గీస్తే మేనరికాల దగ్గర చిక్కుపడుతుంది. ఆవిడ చిన్నకొడుకు పెద్దకూతురి కూతుర్ని చేసుకుంటే ఆ అమ్మాయి మనవరాలూ, కోడలూ. చెట్టులో రెండు చోట్ల పడి, ఇద్దరు మనుషులుగా లెక్కకొస్తుంది. దీనికి చెట్టు బొమ్మకన్నా నంబర్ల జాబితా మేలు. ఆవిడ 1, పిల్లలు 1.1, 1.2, వాళ్ళ పిల్లలు 1.1.1 ఇలా, భార్యలకీ భర్తలకీ అదే నంబరు పక్కన "స". మేనకోడలైన కోడలి దగ్గర వివరం ఒకచోటే రాసి, రెండో చోట "1.1.2 చూడండి". పసితనంలో పోయిన పిల్లలకి కూడా నంబరు ఇవ్వాలి. పేరు పెట్టకుండానే పోతే "మగబిడ్డ, పురిట్లో" అని. ఆవిడ ఎనిమిదిమందిని కన్నదంటే ఎనిమిది వరుసలు ఉండాలి.

ఇంకొకటి. పోయిన తేదీ రాసేటప్పుడు ఇంగ్లీషు తేదీ, గంట, నిమిషం, ఊరు, మాసం, పక్షం, తిథి, అన్నీ రాయండి. ఇక్కడి పంచాంగానికీ అక్కడి పంచాంగానికీ తిథి ఒక రోజు అటూఇటూ అవుతుంది. అధికమాసంలో పోతే "అధిక" అన్న మాట వదలకూడదు. ఇవన్నీ ఉంటే ఏ దేశంలో ఆబ్దికం పెట్టేవాళ్ళైనా తమ పురోహితుడితో తేల్చుకుంటారు.

పాతపెట్టె:

సహస్ర చంద్ర దర్శనం చేసి ఉంటే దాని శుభలేఖ, గ్రూపు ఫోటో వెతకండి. వెయ్యి పౌర్ణములంటే ఇంచుమించు ఎనభై ఏళ్ళ పదినెలలు. తేదీ దొరికితే వెనక్కి లెక్కేసి పుట్టిన ఏడాదికి ఇంకో సాక్ష్యం వస్తుంది. అయితే వేడుకని వీలుచూసుకుని కొన్ని నెలలు ముందూ వెనకా చేస్తారు కాబట్టి సంవత్సరం వరకే నమ్మాలి.

నేతపోగు:

పట్టుచీరల మాట ఎవరూ ఎత్తలేదు. కూతుళ్ళు పంచుకునే ముందు ప్రతి చీరనీ పరిచి, అంచు, కొంగు, బుటా విడివిడిగా పగటి వెలుగులో ఫోటో తియ్యండి. ఏ సందర్భానిదో, ఎవరికి వెళ్ళిందో జాబితా రాయండి. దాచేటప్పుడు ఉతికిన తెల్ల మల్లు గుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ కవరులో తేమ నిలుస్తుంది. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చకపోతే మడత దగ్గరే జరీ తెగుతుంది, పాత చీరలన్నీ చిరిగేది అక్కడే.

నేత చీరలతో కుట్టిన బొంత ఉంటే ఉతక్కండి. లోపలి పొరల్లో ఇంకా పాత చీరలుంటాయి. అంచు కుట్టు ఊడిన చోట సన్నగా చూస్తే రంగు పోని గళ్ళు కనబడతాయి, పైన వెలిసిపోయిన అదే చీర అసలు రంగు అది. ఆ చోటు ఒక్కటే దగ్గర్నుంచి ఫోటో తీసి వెయ్యండి.

అచ్చుయంత్రం:

ఇహ అచ్చు. సైజు డెమీ 1/8, అంటే ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. ఒక ఫారం 16 పేజీలు, కాబట్టి మొత్తం పేజీలు పదహారుతో భాగించబడాలి. 112, 128 ఇలా. 115 పేజీలు తెస్తే మిగతావి ఖాళీగా పోతాయి. మామూలు పేజీలకి 80 జీఎస్ఎం మ్యాప్‌లితో, ఫోటోలన్నీ ఒకచోట 130 జీఎస్ఎం ఆర్టు పేపరు మీద. వంద కాపీలు మించకపోతే డిజిటల్ ప్రింటింగు, వందలకొద్దీ అయితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. బైండింగు దారంతో కుట్టించండి. జిగురు బైండింగు పదేపదే తెరిచే పుస్తకానికి ఆగదు, ముందు ఊడేది ఫోటోల పేజీలే, ఆర్టు పేపరు జిగురుని పట్టదు.

అక్షరం 13 పాయింట్లకి తగ్గొద్దు, చదివేవాళ్ళలో సగంమంది డెబ్భై దాటినవాళ్ళు. వరుస నుంచి వరుసకి కనీసం 19 పాయింట్లు ఇవ్వకపోతే పై వరుస వొత్తు కింది వరుస గుడికి తగులుతుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే వొత్తులు విడిపోతాయి. పాత "అను" ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చినచోట "క్ష", "ఱ", "ర" వొత్తు, అంకెలు తప్పకుండా కళ్ళతో చూడాలి. పైన చెప్పిన పావు, అర గీతలు చాలా ఫాంట్లలో ఉండవు, పెట్టెలు వస్తాయి. ఆ పద్దుని ఫోటోగా వెయ్యండి. ప్రూఫు కాగితం మీద చూడండి, ఫోనులో కాదు. ఇంటిపేర్లు ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి.

ఓరుగల్లు వాసి:

దస్తావేజుల ఫోటోలు పుస్తకంల పెడుతున్నరు కొందరు. సంతకం, వేలిముద్ర, ఆధార్ నంబరు కనిపించేటియి పెట్టకుండ్రి. వేలిముద్ర ఆమె చేతి గుర్తని పెట్టాలనిపిస్తది, కాని బతికున్నోళ్ళ ఆస్తి కాగితంల అది అచ్చయితె తిప్పలు. రంగోలి పుస్తకంల ఆమె ఏసిన చుక్కల ముగ్గు పెట్టుండ్రి, అది కూడ చేతి గుర్తే.

కొత్తగా_చేరాను:

అందరికీ ధన్యవాదాలండీ. ఒక్క సందేహం. ఆవిడకీ తోడికోడలికీ ఇరవై ఏళ్ళు మాటల్లేవు. ఇద్దరూ లేరు. రాయాలా వద్దా అని ఇంట్లో రెండు జట్లు అయ్యారు.

చదివింపులు:

కారణం రాయకండి, కారణానికి సాక్షులు లేరు. సాక్ష్యం ఉన్నదే రాయండి. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఇళ్ళ మధ్య రాకపోకలు లేవో పిల్లల పెళ్ళిళ్ళ చదివింపుల్లో తెలిసిపోతుంది. ఒక పెళ్ళి పద్దుల్లో తోడికోడలి పేరు ఉండదు, ఇంకో పెళ్ళిలో మళ్ళీ కనబడుతుంది. రెండు పుస్తకాలూ ఉంటే ఆ రెండు పేజీలు పక్కపక్కన వెయ్యండి. కింద తేదీలు చాలు.

అచ్చుయంత్రం:

అలా వేస్తే రెండూ ఎదురెదురు పేజీల్లో పడాలి. ఎడమ పేజీకి సరి సంఖ్య, కుడికి బేసి. ఫారం కట్టేటప్పుడు 64, 65 ఇవ్వండి. ఎదురుపేజీల్లో లోపలి మార్జిను ముప్పావు అంగుళం ఉంచకపోతే కుట్టులోకి పోయి, ఎడమ పేజీలో అంకెలు, కుడి పేజీలో పేర్లు సగం మింగేస్తుంది.